నొప్పి తెలియని కాలు

ఇందాక మా మనవడు పరుగుపందెం నుంచి వచ్చి మంచం మీద కూర్చుంటే వాడి మోకాలు చూశాను, కుండలా ఉబ్బి ఉంది. నొక్కినా వాడు ఉలకలేదు. "సూది ఏసుకున్నా గదవ్వా, ఏం తెలీదు" అని నవ్వాడు. ఆ నవ్వు నేను ఇదివరకు ఒకసారి చూశాను. నా ఈడు వాళ్లకు చెబితే అర్థమవుతుంది కనుక, రాయడం సరిగా రానిదాన్ని, నోటితో చెప్పి రాయిస్తున్నాను.

రాష్ట్రం కొత్తగా ఏర్పడిన ఏళ్లవి, మన గిద్దలూరు, మార్కాపురం ఇంకా కర్నూలు జిల్లాలోనే ఉండేవి. మా ఇంటాయన గిద్దలూరు హైస్కూల్లో డ్రిల్లు మాస్టరు. బండలాగే ఎడ్లకు పందెం పొద్దున బెల్లంలో నల్లమందు కలిపి ఉండ పెట్టేవాళ్లు కొందరుండేవారు కదా, వాళ్లే తమ పిల్లలు చెడుగుడు ఆడబోతుంటే అదే ఉండ చిన్నది చేసి, ప్రేమగానే, నోట్లో పెట్టేవారు. అందుకని మా ఆయన ఒక కట్టుబాటు పెట్టాడు. ఆట ఉన్న రోజు పిల్లలంతా తెల్లారేసరికి మా ఇంటికి రావాలి, నేను పెట్టే కొర్రన్నం, మజ్జిగ తప్ప ఇంకేదీ నోట పెట్టకూడదు.

మార్కాపురం జట్టుతో ఆట ఉన్న పొద్దున, అందరికంటే బాగా కూతకు పోయే పిల్లవాడు, ఒక ఎడ్ల రైతు కొడుకు, ఆలస్యంగా వచ్చి మా గడప తన్నుకున్నాడు. బొటనవేలి గోరు లేచి నెత్తురు కారుతున్నా నవ్వుతూనే వచ్చి విస్తరి ముందు కూర్చున్నాడు. నేల మీద ఆ ఎర్రటి అడుగులు చూసి మా ఆయన్ను కేకేశాను. మా ఆయన వాణ్ణి ఆడనివ్వనన్నాడు.

వెనకే వచ్చిన వాళ్ల నాయన వీధంతా వినపడేటట్టు అరిచాడు. "ఏంది సారూ, నా ఎద్దులకు పెట్టేదే గదా, ఇసం పెట్టినానా? వాడు లేకుంటే మనోళ్లు ఓడిపోరా? ఊళ్లో తలెత్తుకునేదెట్ల?"

"ఓడిపోనీ అన్నా. ఎద్దుకు నోరు లేదు, నొప్పంటే చెప్పుకోలేదు. నీ కొడుక్కు నోరుంది, దాన్ని నువ్వే మూసినావు."

ఓడిపోయారు. "కొర్రన్నం మాస్టరొస్తున్నాడ్రోయ్" అని బజారులో చాలాకాలం ఎగతాళి చేశారు. ఆ రైతు మాత్రం ఆ రోజంతా మా అరుగు మీద మూతి ముడుచుకుని కూర్చున్నాడు, లోపల మంచం మీద కొడుకు మత్తుగా పడుకున్నాడు. పొద్దు వాలుతుండగా మందు దిగి, పిల్లవాడు కాలు పట్టుకుని "అమ్మా" అని కేక పెట్టాడు. ఆ మనిషి ఒక్క ఉదుటున లోపలికొచ్చి, ఆ పాదాన్ని ఒళ్లో పెట్టుకుని, "ఏడువు నాయనా, గట్టిగా ఏడువు" అంటూ తనే ఏడ్చాడు. ఆ తరువాత ప్రతి ఆటకూ కొడుకును చేయి పట్టుకుని తనే తెచ్చి మా గడపలో దింపేవాడు.

ఇప్పుడు కలిసి తినే విస్తరీ లేదు, అడ్డంపడే మాస్టరూ లేడు, సూదులిచ్చేది ఆట నేర్పేవాడేనట. పోట్లాడే ఓపిక నాకూ పోయింది. ఉప్పు మూట వేడిచేసి మనవడి మోకాలికి కాపడం పెడుతూ, వీడు ఎప్పుడు "అమ్మా" అంటాడా అని చూస్తున్నాను.