కళ్ళు వేసే చుక్కమ్మ

పంతొమ్మిది వందల తొంభై ఎనిమిదో సంవత్సరం, మార్చి పదకొండు, బుధవారం, ఉదయం పదిన్నర గంటలు. తెల్లవారుజామున పడిన వాన వెలిసినా మబ్బు విడవలేదు. కృత్రిమ నేత్రాలు తయారుచేసే ఒక చిన్న కర్మశాలలో, కిటికీ పక్క బల్ల ముందు కూర్చున్న చుక్కమ్మ దగ్గరకు సెలూన్ నడుపుకొనే ఒకాయన వచ్చాడు. యాభై ఏళ్ళుంటాయి. ఎడమకంటికి నల్లని గుడ్డ కట్టి ఉంది.

“ఏమ్మా, కళ్ళు వేసేది నువ్వేనా?”

“నేనేనండి. కూర్చోండి.”

“ఓ అమ్మాయి నాకు కన్నేస్తానందని మా ఆవిడతో చెప్పొచ్చాను. పొద్దున్నుంచి టీ కూడా పుట్టలేదు.”

చుక్కమ్మ నవ్వింది. ఆమె వేయబోయే మొదటి కన్ను అదే.

చుక్కమ్మ అన్నది తోటి విద్యార్థులు పెట్టిన పేరు. చిత్రకళాశాలలో ఎవరు ముఖచిత్రం వేసినా, కనుపాప మీద తళుక్కుమనే తెల్లని వెలుగు చుక్క పెట్టడానికి ఆమెనే పిలిచేవారు. ఆ చుక్క పడగానే బొమ్మకు ప్రాణం వచ్చేది. పట్టా పుచ్చుకొన్నాక మాత్రం ఆ చేతికి తగిన పని దొరకలేదు. పుస్తకాలకు అట్టబొమ్మలు వేసింది. పసిపిల్లల బడి గోడ మీద కుందేళ్ళు వేసింది. అక్కగారింట వెనక గదిలో ఆమె పటాలు గోడకు ముఖం తిప్పుకొని నిలబడి ఉండేవి. ఇంతలో బావ తాను పనిచేసే రవాణా కార్యాలయంలో ఆమెకు గుమాస్తా ఉద్యోగం ఖాయం చేశాడు. ఏప్రిల్ ఒకటిన చేరాలి.

“బొమ్మలు వద్దని ఎవరన్నారే? ఆదివారాలు వేసుకో. మిగతా రోజులు మనుషుల్లా ఆఫీసుకెళ్ళు,” అంది అక్క.

“ఈ ఒక్క కన్ను చూడనీ అక్కా. కుదరకపోతే నువ్వు చెప్పినట్టే.”

కర్మశాల యజమాని పెట్టిన షరతూ అటువంటిదే. అంతవరకు ఆయన సిద్ధంగా వచ్చే కళ్ళను పెట్టెలోంచి తీసి, దగ్గరి రంగు చూసి అమర్చేవాడు. మనిషికి తగ్గట్టు చేతితో వేయించాలన్నది కొత్త ఆలోచన. సెలూన్ ఆయన ఆ కన్ను పెట్టుకొని తిరిగితే కుర్చీ చుక్కమ్మది.

ఆమె ఆయన కుడికన్నును చూస్తూ ఎడమకన్ను వేసింది. దూరానికి నల్లగా కనిపించే గుడ్డులో తేనెరంగు, పాచిరంగు, అంచున బూడిదరంగు ఉన్నాయి. పొర మీద పొర వేసి ఆరబెట్టింది. ఎర్ర పట్టుదారం పోగులు విప్పి తెల్లగుడ్డు మీద నరాలుగా అతికించింది. అన్నీ అయ్యాక తనకు పేరు తెచ్చిన చుక్కను పెట్టి, పైన పారదర్శకమైన పొర పోయించి, మెరుగు పెట్టించింది.

యజమాని దానిని బల్ల మీద ఉంచి వెనక్కి జరిగాడు. “అమ్మాయ్, ఇది నన్నే చూస్తోంది!”

అమర్చిన రోజున సెలూన్ ఆయన అద్దంలో చూసుకొని మురిసిపోయాడు. వారం తిరగకుండానే మళ్ళీ నల్లగుడ్డతో వచ్చి, కన్నును చేతిరుమాల్లోంచి తీసి బల్ల మీద పెట్టాడు.

“ఏమనుకోకమ్మా. అందంగానే ఉంది. కానీ ఏదో తేడా. ఏంటంటే చెప్పలేను. ఎప్పుడూ తొందరపెట్టే పాత బేరం ఒకాయన ఉన్నాడు, తొందరాయన అంటాం, గడ్డం సగంలో లేచి వెళ్ళిపోయాడు. ‘నువ్వు కిటికీ వైపు చూస్తూ నా మెడ మీద కత్తి పెడితే ఎట్లాగయ్యా’ అంటాడు. అట్లాంటి పాత బేరాలు రాకపోతే నా కొట్టు మూసుకోవడమే.”

ఆయన వెళ్ళబోతుంటే, “ఆ కన్ను మళ్ళీ పెట్టుకోండి. నేనూ మీ కొట్టుకి వస్తాను,” అంది చుక్కమ్మ.

సెలూన్‌లో మూల బెంచీ మీద కూర్చొని, పొడవాటి అద్దంలో ఆయననే గమనించింది. ఆయన కిటికీ దగ్గర నిలబడితే కుడికంట్లో మెరుపు కిటికీ వైపున ఉంది. దీపం కిందికి వస్తే మెరుపు పైకి జరిగింది. వంగితే మాయమైంది. ఎడమకంటి మెరుపు మాత్రం ఎక్కడ పెట్టినది అక్కడే ఉంది. ఆయన ఎటు తిరిగినా, అక్కడ లేని కిటికీని ఆ కన్ను చూస్తూనే ఉంది.

ఆమె కళాశాలలో నేర్చినదంతా కదలని మనిషిని గూర్చిన విద్య. పటంలోని మనిషి లేచి దీపం కిందికి నడవడు గనుక, వెలుగును చిత్రకారుడే పెట్టాలి. మనిషి ముఖంలో అమరిన ఈ కంటికి కన్నీటి తడి ఉంది, నునుపు ఉంది. ఏ గదిలోని వెలుగును ఆ గదిలోనే అది తెచ్చుకొంటుంది.

మళ్ళీ మొదటినుంచీ వేసింది. ఈసారి చుక్క పెట్టలేదు. యజమాని పెదవి విరిచాడు.

“చొక్కా గుండీలా ఉందమ్మా. మొదటిదే నయం.”

“బల్ల మీద చూడకండి సార్. మనిషికి పెట్టి నడిపించి చూడండి.”

“తేడా వస్తే ఇక నా దగ్గరకు రానక్కర్లేదు మరి.”

“రానండి.”

మార్చి చివరివారంలో సెలూన్ ఆయన రెండో కన్నుతో పనిలోకి దిగాడు. చుక్కమ్మ మళ్ళీ ఆ మూల బెంచీ మీదే కూర్చొంది. తొందరాయన బతిమాలించుకొని వచ్చి, నురగ పూయించుకొని, అద్దంలోకి చూసి ముఖం చిట్లించాడు.

“ఏంటయ్యా, అట్లా గుచ్చి గుచ్చి చూస్తావ్?”

“ఎటో చూస్తే తప్పంటివి. నిన్ను చూస్తే తప్పంటివి. కళ్ళు మూసుకొని గీకమంటావా?”

“వద్దులే. చూడు, చూడు. చెవి దగ్గర జాగ్రత్త.”

ఆ సాయంత్రం చుక్కమ్మ ఇంటికి వెళ్ళి, గుమాస్తా పనిలో చేరనని చెప్పేసింది.

“ఆఫీసులో పెద్దమనిషి దగ్గర మాటిచ్చి వచ్చాను. ఇప్పుడు నా ముఖం ఎక్కడ పెట్టుకోను?” అన్నాడు బావ.

“అక్కను పంపు బావా. చేతిరాత నాకంటే తనదే బాగుంటుంది.”

“నేనా? చాల్లే, ఎవరైనా నవ్వుతారు,” అంది అక్క. ఆమె మాత్రం నవ్వలేదు.

అక్క ఏప్రిల్ ఒకటినే చేరింది. ఇరవై రెండేళ్ళు పనిచేసి పెద్ద గుమాస్తాగా విరమించింది; బావ చివరి రెండేళ్ళూ ఆమె కిందనే పనిచేశాడు. సెలూన్ ఆయన ఆ తరువాత రెండుసార్లు కన్ను మార్పించుకొన్నాడు. ఇప్పుడు కొట్టు కొడుకుకు అప్పగించి ఇంటిపట్టున ఉంటున్నాడు. కర్మశాల యజమాని కాలం చేశాడు. చుక్కమ్మ అదే బల్ల దగ్గర ఉంది. చిత్రకళాశాల నుంచి వచ్చిన ఇద్దరు ఆమె దగ్గర పని నేర్చుకొంటున్నారు. ఆమె ముఖచిత్రాలు ఒకసారి ఒక గ్రంథాలయపు హాలులో ప్రదర్శనకు పెట్టారు, నాలుగు అమ్ముడుపోయాయి. మిగిలినవి కర్మశాలలో కన్ను కోసం వచ్చినవారు కూర్చొనే గదిలో వేలాడుతున్నాయి.