ఉతకని లుంగీ

మా కుందేలుకి నేనంటే భయం లేదు. ఇష్టం ఉందని మాత్రం చెప్పలేను. గడ్డి వేస్తే వస్తుంది, తింటుంది, వెళ్లిపోతుంది. హాస్టల్ మెస్‌లో వడ్డించేవాడిని మనం ఎలా చూస్తామో అది నన్ను అలా చూస్తుంది.

అమీర్‌పేటలో ఒక కోచింగ్ సెంటర్లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్పడం నా పని. రెండేళ్ల క్రితం నా బ్యాచ్‌లోని ఒక అమ్మాయి కోర్సు అయిపోయి బెంగళూరు వెళ్తూ కుందేలుని నాకు అప్పజెప్పింది. "మీరైతే టైముకి అన్నీ చేస్తారు సార్" అంది. ఆ నమ్మకం ఆమెకు ఎందుకు కలిగిందో ఊహించగలను. ప్రతి బ్యాచ్‌కీ మొదటి రోజే బోర్డు మీద ఒక నియమం రాస్తాను: పరీక్ష మొదలుపెట్టే ముందు పాత డేటా అంతా తుడిచేయాలి. నిన్నటి ఆనవాళ్లు మిగిలి ఉంటే ఇవాళ్టి ఫలితాన్ని నమ్మలేం. రాశాక దాని కింద రెండు గీతలు గీస్తాను.

మేం ఉండేది ఎస్.ఆర్. నగర్ వైపు, ఒక బిల్డింగ్ డాబా మీద వేసిన రెండు గదుల్లో. ఓనర్ దాన్ని పెంట్‌హౌస్ అంటాడు. ఎండాకాలంలో వచ్చి చూడడు. మేం అంటే నేను, కుందేలు, నా రూమ్మేట్. అతను మాసబ్ ట్యాంక్‌లో ఒక ప్రభుత్వ కార్యాలయంలో కాంట్రాక్టు మీద కంప్యూటర్ ఆపరేటర్. నాకంటే మూడేళ్లు చిన్న. సిద్దిపేట వైపు వాళ్లు. ఆదివారాలు చర్చి కాయిర్‌లో పాడతాడు, మిగతా రోజులు అదే పాటని నోరు తెరవకుండా ఇంట్లో సాధన చేస్తాడు.

కుందేలు కోసం నేను చేసే పనులకి ఒక ఎక్సెల్ షీట్ ఉంది. పొద్దున ఎండుగడ్డి మార్చడం, నీళ్ల గిన్నె కడగడం, ట్రేలో పెంటికలు చూడడం, చిన్నవిగా ఉంటే రాసుకోవడం, కొత్తిమీర మూడుసార్లు కడిగి ఆరబెట్టడం, వారానికోసారి బరువు తూచడం. రూమ్మేట్ చేసే పని ఒక్కటే. ఆఫీసు నుంచి వచ్చి, లుంగీ కట్టుకుని, ఫ్యాన్ కింద నేల మీద పక్కకి తిరిగి పడుకుంటాడు. అయిదు నిమిషాల్లో కుందేలు మంచం కింద నుంచి బయటికొచ్చి అతని వీపుకి ఆనుకుని వెనక కాళ్లు చాపేస్తుంది. కుందేలు అలా కాళ్లు చాపి పడుకుందంటే దానికి ఏ భయమూ లేదని అర్థం. ఈ సంగతి నేను చదివి తెలుసుకున్నాను. నా దగ్గర అది ఎప్పుడూ అలా పడుకోలేదు.

అతను దానికి ఉస్మానియా బిస్కెట్ ముక్క కూడా పెడతాడు. వద్దని ఎన్నిసార్లు చెప్పానో. "జర్రంత ముక్కకి దానికి షుగరొస్తదా అన్నా" అని నవ్వేవాడు. షుగర్ రాదు, కడుపు పాడవుతుంది, అని నేను వివరించేలోపే అది ఇంకో ముక్క కోసం అతని మోచేతిని ముక్కుతో పొడుస్తూ ఉండేది. నేను కడిగి, ఆరబెట్టి, తూచి పెట్టిన కొత్తిమీర పక్కనే ఉండేది.

ఈ ఏడాది నుంచి దాని ముందరి పళ్లు వంకరగా పెరుగుతున్నాయి. అయిదారు వారాలకోసారి అరగదీయించకపోతే పై పళ్లూ కింది పళ్లూ ఒకదాన్నొకటి దాటిపోయి నోరు మూతపడదు, గడ్డి నమలలేదు. తినడం ఆగితే కుందేలు ఎన్నో రోజులు బతకదు. అందుకని పంజాగుట్టలో ఒక డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లేవాణ్ని. మొదటి రెండుసార్లు గింజుకుంది, ఎలాగో అయింది. మూడోసారి బల్ల మీద నా చేతుల్లోంచి ఎంత బలంగా తన్నిందంటే, కింద పడకుండా డాక్టరమ్మ తన పొట్టతో అడ్డుకోవాల్సి వచ్చింది. రెండు పళ్లు అరగదీసి మిగతావి వదిలేశారు.

"ఇలా తంతే దాని వెన్నెముక దానికే విరిగిపోతుంది. కుందేళ్లలో అది జరిగే పనే" అన్నారు ఆమె. "నెల తర్వాత రండి. అప్పుడు కూడా ఇలాగే ఉంటే మత్తివ్వాలి. నెలనెలా మత్తు తట్టుకునే ప్రాణం కాదిది."

ఇంటికి రాగానే షీట్లో కొత్త ట్యాబ్ తెరిచాను. డాక్టరమ్మ చెప్పినవీ, నేను వెతికి తెలుసుకున్నవీ అన్నీ రాశాను. కుక్కలు తక్కువగా వచ్చే వేళ అడిగి టైము తీసుకోవాలి. దాన్ని తీసుకెళ్లే ప్లాస్టిక్ పెట్టెని ఆసుపత్రిలో నేల మీద కాకుండా కుర్చీలో, తలుపు గోడ వైపు ఉండేలా పెట్టాలి. పైన గుడ్డ కప్పాలి. ఆటోలో పెట్టెని ఒళ్లో పెట్టుకోవాలి, సీటు మీద కాదు. ఇవి కాక నాలుగు ఆదివారాలు దాన్ని పెట్టెలో పెట్టుకుని, ఆసుపత్రికి వెళ్లకుండానే, ఆటోలో పంజాగుట్ట సర్కిల్ దాకా వెళ్లి వెనక్కి వచ్చాను. ఆటోవాళ్లు ఎక్కడ దిగుతారని అడిగితే ఎక్కిన చోటే అని చెప్పేవాణ్ని. ప్రతి ప్రయాణానికి ముందు పెట్టెని వేడినీళ్లు, సబ్బుపొడి వేసి తోమి ఎండలో పెట్టేవాణ్ని. నాలుగో ఆదివారం కూడా అది పెట్టెలో మూలకి నక్కి, కళ్లు బయటికి పొడుచుకొచ్చేలా చూస్తూ, మొదటి ఆదివారం ఎలా ఉందో అలాగే ఉంది. షీట్లో నాలుగు గడులూ ఎరుపే.

ఆ నెల డాక్టరమ్మ ఇచ్చిన రోజు రెండో శనివారం పడింది. రూమ్మేట్‌కి సెలవు. నాతో రమ్మని అడగడానికి నాకు రెండు రోజులు పట్టింది. అడిగితే అతను "గిందుల ఏమున్నది అన్నా" అని లేచాడు. పొద్దున్నే కడిగి ఆరబెట్టిన పెట్టె నేను పట్టుకుంటే, అతను నేల మీద పడి ఉన్న తన లుంగీని, అంటే ముందు రోజు కట్టుకుని విప్పేసినదాన్ని, చంకలో పెట్టుకుని వచ్చాడు. ఎందుకని అడిగితే చలేస్తుందేమోనన్నాడు. అది మే నెల.

బల్ల దగ్గర అతను కుందేలుని ఆ లుంగీలో చుట్టి దగ్గరికి తీసుకున్నాడు. అది తల తీసుకెళ్లి అతని మోచేతి మడతలో దూర్చింది. తన్నలేదు. అరగదీసే మిషను సన్నగా మోగుతున్నంతసేపూ దాని చెవులు వీపు మీద పడి ఉన్నాయి, అంతే. నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను. ఆ క్షణంలో నాకు ఊరట కలగాలి. ముందు కలిగింది అది కాదు. ఇది ఇంకెంతసేపు, ఒక్కసారైనా తన్నదా, అని చూశాను. ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది, కానీ జరిగింది అదే.

"మీ కుందేలు మీ దగ్గర ఎంత నిమ్మళంగా ఉందో చూడండి" అన్నారు డాక్టరమ్మ, అతనితో.

"నాది కాదు మేడమ్, అన్నది. అన్ననే అన్నీ జేస్తడు. నేను ఊకె దాని పక్కన పండుకుంట."

అతను గొప్పకి అని ఉంటే నాకు కోపం తెచ్చుకునే వీలుండేది.

కుందేలుని తిరిగి పెట్టెలో పెట్టబోతూ డాక్టరమ్మ ఆగారు. వంగి లోపల వాసన చూసి, ఎప్పుడు కడిగారని అడిగారు. ఇవాళ పొద్దున్నేనని, ప్రతిసారీ కడుగుతానని చెప్పాను. మెచ్చుకుంటారనే అనుకున్నాను.

"మరి దానికి తెలిసిన వాసన ఒక్కటైనా ఉంచారా అందులో? ప్రతిసారీ కొత్త పెట్టెలో ఎక్కించి తెస్తున్నట్టే కదండీ" అన్నారు.

నాలుగు ఆదివారాలు. నాలుగుసార్లు అది కాస్త ధైర్యం నేర్చుకుని పెట్టె గోడలకి గడ్డం రుద్ది తన గుర్తు పెట్టుకుని ఉంటుంది. నాలుగుసార్లూ నేను సబ్బుపొడితో తోమేశాను. బోర్డు మీద రెండు గీతలు గీసి నేర్పే నియమాన్ని ఒక చిన్న జంతువు మీద అమలు చేశాను. ఆటోలో రూమ్మేట్ పెట్టెని తన ఒళ్లో పెట్టుకున్నాడు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు పెట్టె కన్నంలోంచి వేలు పెట్టి దాని ముక్కు మీద రాస్తూ, పాట సాధన చేసుకున్నాడు.

జూన్ మొదట్లో అతన్ని మెదక్ ఆఫీసుకి వేశారు. వారంలో సామాను సర్దుకుని వెళ్లిపోయాడు. వెళ్లే ముందు కుందేలు పక్కన అరగంట పడుకున్నాడు. నేను టీ పెట్టే నెపంతో వంటగదిలో ఉన్నాను. నిజం చెప్పాలంటే, ఆటో కదిలాక నా లోపల ఏదో తేలికైంది. ఇక దానికి నేనే దిక్కు అనుకున్నాను.

అది రెండు రోజులు గడ్డి సగమే తింది. మూడో రోజు మంచం కింద తుడుస్తుంటే అతని లుంగీ దొరికింది, నీలం గళ్లది, ఆసుపత్రికి తెచ్చినదే. మర్చిపోయాడు. కుందేలు దాన్ని ముందు కాళ్లతో గోకి గూడులా చేసుకుని అందులో పడుకుంటోంది. బకెట్లో నానబెడదామని లాగాను. అది కదల్లేదు. లుంగీతో పాటు నేల మీద జారుతూ వచ్చింది కానీ దిగలేదు. వదిలేశాను.

తర్వాతి రెండు వారాలు పెట్టెని కడగలేదు. తలుపు తీసి గది మధ్యలో ఉంచాను. కొత్తిమీర అందులోనే పెట్టాను. సాయంత్రాలు ఫ్యాన్ కింద నేల మీద, అతను పడుకున్న చోటే, పక్కకి తిరిగి పడుకున్నాను. కుందేలు వచ్చి వాసన చూసి వెళ్లిపోయేది. మూడు రోజులు ఒకే టీషర్టు వేసుకుని, ఉతకకుండా, దాన్ని పెట్టెలో పరిచాను. పది నిమిషాల్లో దాన్ని పళ్లతో పట్టి బయటికి ఈడ్చింది. మళ్లీ పరిచాను. మళ్లీ ఈడ్చింది. ఏడుసార్లు ప్రయత్నించాను. అన్నిసార్లూ ఫలితం ఒక్కటే.

వెళ్లాల్సిన రోజు పొద్దున టీషర్టు ఒక చేత్తో, లుంగీ ఒక చేత్తో పట్టుకుని పెట్టె ముందు కూర్చున్నాను. ఈసారి తన్నితే మత్తే. మత్తులోంచి అది లేవకపోతే, లుంగీ ఇంట్లో ఉండగా నా టీషర్టు పరిచి తీసుకెళ్లానన్న సంగతి నా ఒక్కడికే తెలుస్తుంది. అయినా చాలాసేపు కూర్చున్నాను. లుంగీలో ఇప్పుడు ఎక్కువగా ఉన్నది కుందేలు వాసనే అని, అతనిది ఏ కొంచెమో అని నాకు నేను లెక్క చెప్పుకున్నాను. చివరికి లుంగీ పరిచాను. అది దానంతటదే లోపలికి వెళ్లి కూర్చుంది. పెట్టెలోకి అలా నడిచి వెళ్లడం అదే మొదటిసారి.

ఆసుపత్రిలో పెట్టెని కుర్చీలో గోడ వైపు తిప్పి పెట్టాను. ఒక లాబ్రడార్ వచ్చి దగ్గుతూ కూర్చుంది. పెట్టెలోంచి చప్పుడు లేదు. బల్ల దగ్గర లుంగీతో సహా ఎత్తి, అతను పట్టుకున్నట్టే పట్టుకున్నాను. అది తల అటూ ఇటూ తిప్పింది. ముక్కుతో నా చొక్కాని తాకింది. తర్వాత లుంగీ మడత దొరికించుకుని, దాన్ని నా మోచేతి కిందికి తోసి, అందులో మొహం పెట్టింది. దాని గుండె నా చేతికి తగులుతోంది, చాలా వేగంగా. ఒక్కసారి వెనక కాళ్లు బిగుసుకున్నాయి. నేను ఊపిరి ఆపాను. కాళ్లు వదులయ్యాయి. మిషను ఆగింది. పళ్లన్నీ అయ్యాయని డాక్టరమ్మ చెప్పారు. మత్తు మాట మళ్లీ రాలేదు.

సాయంత్రం ఆరూ పదికి అది కొత్తిమీర తింది. ఆరున్నరకి రూమ్మేట్ ఫోన్ చేశాడు. తేదీ గుర్తుంచుకున్నాడు.

"ఎట్ల జేసింది అన్నా?"

బాగా చేసిందని, నా చేతుల్లోనే కదలకుండా ఉందని చెప్పాను. అతను నిజంగా సంతోషించాడు. నేను ముందే చెప్పిన కదన్నా, నీకు అలవాటైతదని, అన్నాడు. తర్వాత ఇంకో మాట అడిగాడు.

"నా నీలం లుంగీ గాడ్నే మరిసిపోయినట్టున్న. కనవడ్డదా?"

కుందేలు దాని మీదే ఉంది, నా కాలికి జానెడు దూరంలో. వెనక కాళ్లు చాపి పడుకుంది.

"లేదు, కనపడలేదు" అన్నాను.

పోనీలే అన్నా, పాతది, అని పెట్టేశాడు.

ఫోన్ పక్కన పెట్టి షీట్ తెరిచాను. తేదీ, బయల్దేరిన టైము, ఆటోలో ఎలా ఉంది, బల్ల మీద ఎలా ఉంది, ఇంటికొచ్చి ఎప్పుడు తింది, అన్నీ నింపాను. ఈసారి అన్నీ పచ్చ గడులే. చివర్లో పెట్టెలో పరిచిన గుడ్డ గురించి ఒక గడి ఉంది. అందులో పాత లుంగీ అని రాశాను. ఎవరిదో రాయలేదు.