పలక మీద భోజనం

మా దత్తాత్రేయులు బావకి ఒక్కటే పిచ్చి. ఎవరు ఏది రాసినా, అది చేసి చూడందే ఒప్పుకునేవాడు కాదు.

బందరులో కాలేజీ చదువుతూ, పందొమ్మిదివందల ముప్ఫయి నాలుగు వేసవిలో పెదపాడులో మా ఇంటికొచ్చాడు. మా ఊరవతల కొల్లేటి ఒడ్డు పల్లెలో పిల్లలకి కథలు రాయడం నేర్పుతానన్నాడు. మా నాన్న అనంతరామయ్యగారు పురోహితులు. "ముందు గుణింతాలు నేర్పరా" అన్నారు. బావ వినలేదు. రోజూ నన్ను వెంటబెట్టుకుని బయల్దేరేవాడు. చర్చి పక్క పాకలో బడి. మేం వెళ్ళేసరికే పిల్లలు పలకలు తుడుచుకుని కూర్చునేవాళ్ళు.

మొదటి కథ చేపలు పట్టేవాళ్ళ బంగార్రాజుది. కొంగ ఒంటికాలి మీద నిలబడితే చేపలు వాటంతటవే వస్తాయని రాశాడు. బావ పంచె ఎగ్గట్టి కొల్లేట్లోకి దిగాడు. ఒంటికాలి మీద నిలబడ్డాడు. గట్టు మీద పిల్లలు ఊపిరి బిగబట్టారు.

"వచ్చాయాండీ?"

"వచ్చాయి."

"ఏం చేపలండీ?"

"జలగలు. కథ మార్చు."

ఆనాటినుంచి పిల్లలెవరూ ఇళ్ళ దగ్గర నిలవలేదు. ఏం రాస్తే మాష్టారు ఏం చేస్తారోనని ఒకటే ఆత్రం. గేదె చెవిలో పాట పాడితే పాలు ఎక్కువిస్తుందని ఇంకొకడు రాశాడు. బావ పాడాడు. గేదె తన్నింది. "కథలో తప్పులేదు. రాగం తప్పింది" అన్నాడు బావ, తొడ రుద్దుకుంటూ.

ఒకనాడు, "ఎప్పటికీ జరగని సంగతి రాయండి" అన్నాడు. పలకల మీద పడవలు ఎగిరాయి. పిల్లులు ప్రార్థన చేశాయి. అందరూ పడీపడీ నవ్వారు. చివరికి మణెమ్మ లేచింది. పల్లె చివర క్రైస్తవుల పేటలో కూలికెళ్ళే మార్తమ్మ కూతురు.

"మాష్టారు మా ఇంటికొచ్చి అన్నం తిన్నారు."

పాక దద్దరిల్లింది. అన్ని అబద్ధాల్లోకీ అదే పెద్దదని వాళ్ళ లెక్క. "అయ్యగార్లు మీ ఇంట తింటారంట!" అని బంగార్రాజు నేల మీద దొర్లాడు. మణెమ్మ కూడా నవ్వబోయి, సగంలో ఆగి, పలక చెరపబోయింది.

"చెరపకు. ఏం తిన్నానో రాయనేలేదు. మీ ఇల్లెక్కడ?" అన్నాడు బావ.

దారిలో నేను బావ చెయ్యి పట్టుకున్నాను. "జరగనిది రాయమన్నావు, రాసింది. ఇంక చూసేదేముంది బావా? నాన్నగారు గడప తొక్కనివ్వరు."

"చూసేది కథ కాదురా. ఆ నవ్వు సరైనదో కాదో చూడాలి."

మార్తమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "మీకు తెలవదు అయ్యగారండీ. మీవోళ్ళు ఊరుకోరండి. పిల్ల ఏదో రాసేసిందండి."

"చూడకుండా ఎలా దిద్దనమ్మా? ఏం వండారు?"

"గోంగూర పప్పండి."

బావ కూర్చున్నాడు. నాకూ ఆకు వేశారు; నేనూ కూర్చున్నాను. మార్తమ్మ ఎడంగా నిలబడి వడ్డించింది. గుమ్మం నిండా పిల్లలు. ఒక్కరూ నవ్వలేదు. బావ మారు పప్పు వేయించుకున్నాడు. అప్పుడు మణెమ్మ నవ్వింది.

సాయంత్రానికి మా నాన్నకి సంగతి చేరింది. మా మంచాలు రెండూ వీధిలో వేయించారు.

"గాలి బాగుంది మామయ్యా" అన్నాడు బావ. లోపల్నుంచి గడియ పడింది.

మర్నాడు మళ్ళీ జరగని సంగతే రాయమన్నాడు. పలకలన్నీ ఒక్కసారి లేచాయి. అన్నిటి మీదా మాష్టారు భోంచేస్తూనే ఉన్నారు. ఒకరింట బీరకాయ, ఒకరింట చింతచిగురు. అంత చేపల ఊళ్ళో ఒక్కరూ చేప రాయలేదు.

బావ పలకలన్నీ చదివాడు. చొక్కా కింది బొత్తాం విప్పుకుని, "బంగార్రాజూ, మీ ఇల్లు దగ్గరేనా?" అన్నాడు.