పడనన్న రోకలి

ఆ సూర్యగ్రహణం నాటికి నాకు ఆరో నెల. స్కూల్లో సైన్సు చెప్పేదాన్నే అయినా ఇంట్లో మాత్రం మా అత్తగారి సిలబస్సే. పొద్దున్నే ఆవకాయ జాడీ మీద, పాలగిన్నె మీద, చివరికి ఫ్రిజ్ మీద కూడా దర్భలు వేసేశారు. నన్ను గదిలో కదలకుండా పడుకోమన్నారు. గ్రహణం విడిచేదాకా ఏమీ తినకూడదు. ఇద్దరి ఆకలి నా ఒక్కదాని కడుపులోనే ఉందాయె, ఒళ్ళు మండిపోయింది.

విడిచిందని చెప్పడానికి మా ఇంట్లో రోకలి ఉంది. ఇత్తడి పళ్ళెంలో నీళ్ళు పోసి దాన్ని నిలబెడతారు. గ్రహణం ఉన్నంతసేపూ నిలబడుతుందని, విడవగానే పడిపోతుందని నమ్మకం.

"రోకలి ఏ రోజైనా నిలబడుతుందండి అత్తయ్యగారూ," అన్నాను మంచం మీంచే. "అడుగు చదునుగా ఉంది, కింద ఇనప పొన్ను బరువుంది. మామూలు రోజుల్లో ఎవరూ నిలబెట్టి చూడరు, అంతే."

"మామూలు రోజున ఎందుకు నిలబెడతామమ్మాయ్, పనీపాటా లేకా?" అన్నారావిడ.

మధ్యాహ్నం గ్రహణం విడిచిందని టీవీలో చెప్పారు. పక్కింటి పోపు వాసన గోడ దాటి వచ్చింది. మా రోకలి మాత్రం నిటారుగా నిలబడే ఉంది.

"అది పడందే పొయ్యి వెలిగించేది లేదు," అన్నారు అత్తగారు.

"మనింటికి వేరే సూర్యుడేంటమ్మా?" అన్నారు మా ఆయన. ఆవిడ చూసిన చూపుకి అరుగు మీదకి వెళ్ళిపోయారు.

వాదనలో గెలిచింది నేనే, పస్తున్నదీ నేనే. సైన్సంతా పక్కన పెట్టి, పడవే తల్లీ అని రోకలికి దణ్ణం పెట్టుకున్నాను. అది వినలేదు. కాసేపటికి నిజంగానే భయం వేసింది.

"అత్తయ్యగారూ, కళ్ళు తిరుగుతున్నాయండి."

ఓరగా తెరిచిన తలుపులోంచి ఆవిడ కనిపిస్తున్నారు. అటూ ఇటూ చూశారు. రోకలిని తాకి చేతులు కళ్ళకద్దుకున్నారు. కాలి బొటనవేలితో పళ్ళేన్ని ఒక్క తోపు తోశారు. రోకలి ధనామని పడింది.

"గాలికి పడిందమ్మాయ్! విడిచేసింది!" అంటూ పరుగున వచ్చి, చక్కెరకేళి పండు ఒలిచి నా చేతిలో పెట్టారు. "ముందు తిను. స్నానం తర్వాత చేద్దువుగాని."

బయట ఆకు కూడా కదలడం లేదు. "పెద్ద గాలేనండి," అన్నాను నోటినిండా పండుతో.

గ్రహణం విడిస్తే రోకలి పడుతుందా అని క్లాసులో పిల్లలడిగితే పడదనే చెబుతాను. మా అమ్మాయి అడిగితే మాత్రం, మామ్మనడుగు అంటాను.