కుడి మణికట్టు మీద చుక్కలు

"సూదేసినావా మే, ఈ వారం?"

"ఏసినాను మామా."

మా ఆయనకూ నాకూ మధ్య నడిచిన ఆఖరి మాటలు ఇవే. నేను చెప్పింది అబద్ధం. రాయి తమ్ముడా, అబద్ధం అనే రాయి. ఆ ఒక్కటి రాయించడానికే ఐరాల నుంచి మూడు బస్సులు మారి సూళ్లూరుపేటకు, నీ గదికి వచ్చాను. ఈ కాగితం తిరుపతిలో రక్తం జబ్బుల డాక్టరమ్మకు చేరాలి. చేరకపోతే నీ సూది మళ్లీ మొదలు కాదు. చేరితే నన్నేం చేస్తారో నాకు తెలియదు. రెండూ తెలిసే చెబుతున్నాను.

మా ఆయన నాకు మేనమామ, అమ్మకు తమ్ముడు. పుట్టుకతోనే ఆయన రక్తం గడ్డకట్టేది కాదు. చిన్న దెబ్బ తగిలితే చాలు, లోపల కీళ్లలో రక్తం ఊరి, చెయ్యో కాలో ఉబ్బి రాయిలా అయ్యేది. నీకూ అదే జబ్బు. అది తల్లుల వైపు నుంచి కొడుకులకు వస్తుందని డాక్టరమ్మ ఇంటి ఆడవాళ్లను గుండ్రాలుగా, మగవాళ్లను చతురస్రాలుగా గీసి చూపించేదాకా మన ఇంట్లో ఎవరికీ తెలియదు. మా అవ్వకు మాత్రం ఒకటి తెలుసు. "బయట పిల్లని తెస్తే వీని జబ్బు సూసి నాలుగు నాళ్లకే ఎళ్లిపోతాది. మన పిల్లయితే యాడికి పోతాది" అంది. నేను ఎక్కడికీ పోలేదు.

పెళ్లయిన రెండో నెలలో సంగట్లో ఉండ కట్టిందని కుడిచేత్తో వెనక్కి తిప్పి కొట్టాడు. పెదవి చీలి నా పళ్లకు అంటుకుంది. సాయంత్రానికి ఆయన మణికట్టు ఉబ్బిపోయింది. నా పెదవి నాలుగు రోజుల్లో మానింది. ఆయన వేళ్లు వారమైనా ముడుచుకోలేదు. అప్పటి నుంచి మా కాపురం అంతే. ఆయన నన్ను కొట్టడం, కొట్టిన చేతిని నేను ఆస్పత్రికి మోసుకుపోవడం.

బస్సులో ఆ చెయ్యి నా ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాడు. గుంత వచ్చినప్పుడల్లా నేను దాన్ని రెండు చేతులతో పైకి ఎత్తి పట్టేదాన్ని, అదరకుండా. ఒకసారి నా కన్ను పూర్తిగా మూసుకుపోయి ఉంది. పక్క సీటులో ఒక పెద్దామె అడిగింది.

"ఏమైంది మే నీ మొగానికి?"

ఆయనే చెప్పాడు. "ఆవు పొడిసింది."

"మరి నీ సేతికేమైంది నాయనా?"

"అదే ఆవు."

బస్సంతా నవ్వింది. "ఆ ఆవుని అమ్మేయండప్పా" అన్నాడు వెనక నుంచి ఎవరో. నేనూ నవ్వాను. నవ్వితే పెదవి మళ్లీ పగిలింది.

అందరూ ఒకటే మాట చెప్పారు. రోగిష్టి మనిషి, కోపం ఎక్కువ, ఓర్చుకో అని. నువ్వూ చెప్పావు. "ఓర్సుకో అక్కా, ఆయన మాత్రం ఎన్నాళ్లుంటాడు" అన్నావు, మన ఇంటి అరుగు మీద మోకాలికి గుడ్డ చుట్టుకుంటూ. అదీ రాయి. తల దించుకోకు, రాయి.

నిజం చెప్పాలంటే ఆ జబ్బే నాకు కాపలా. ఒక దెబ్బ తింటే వారం రోజులు ఆయన చెయ్యి లేవదు. ఆ వారం నాది. వంట చేసుకునేదాన్ని, ఆవు దగ్గర కూర్చునేదాన్ని, తల దువ్వుకునేదాన్ని. ఉబ్బు తగ్గుతుంటే ఇంకెన్ని రోజులున్నాయో వేళ్ల మీద లెక్కపెట్టుకునేదాన్ని.

చేతికి నొప్పి అని ఒకసారి కాలితో తన్నాడు. అప్పుడు నాకు ఐదో నెల. నేను పడిపోయాను, ఆయన చీలమండ ఉబ్బింది. ఇద్దరినీ ఒకే ఆటోలో చిత్తూరుకు తీసుకుపోయారు. దిగగానే అందరూ ఆయన వైపు పరిగెత్తారు, రక్తం ఆగని మనిషి అని. నన్ను గోడ పక్క బెంచీ మీద కూర్చోబెట్టారు. నా చీర తడిసి, బెంచీ కింద మడుగు కట్టేదాకా ఎవరూ చూడలేదు. ఊడ్చడానికి వచ్చిన ఆయా చూసి కేక వేసింది. బిడ్డ పోయింది. ఆ తర్వాత నాకు కడుపు నిలవలేదు. ఆయన చీలమండ పది రోజుల్లో బాగయింది.

ఆ తర్వాత కొన్నేళ్లకు తిరుపతి ఆస్పత్రిలో డాక్టరమ్మ మమ్మల్ని పిలిచింది. కొత్త మందు పరిశోధన చేస్తున్నామంది. పాత సూది రెండు రోజులకే కరిగిపోతుంది. ఈ మందును కంటికి కనబడని సన్న సంచుల్లో, నూనె పొర లాంటి వాటిలో పెట్టారట. ఎంత సన్నం అంటే, వెంట్రుకను చీల్చి, చీల్చి, ఇంక చీల్చలేనంత. అవి రక్తంలో తిరుగుతూ మెల్లిగా విప్పుకుంటాయి, వారానికి ఒక్క సూది చాలు అంది. కాగితాలన్నీ చదివి వినిపించింది. ఆయన సంతకం పెట్టాడు. నువ్వూ పెట్టావు, నీ వంతు వచ్చినప్పుడు.

ఇంట్లో సూది వేయడం నాకే నేర్పారు. మొదట రబ్బరు చెయ్యి, తర్వాత ఆయన చెయ్యి. పొడి సీసాలో నీళ్లు కలిపి, ఊపకుండా అరచేతుల మధ్య దొర్లించాలి. ముందు కొంచెం ఉప్పునీళ్లు, తర్వాత మందు, తర్వాత మళ్లీ ఉప్పునీళ్లు. ఖాళీ సీసాలు లెక్కగా తిరిగి ఇవ్వాలి. నాకు నరం ఒక్కసారికే దొరికేది. "నీకు సదువుండి ఉంటే నా కుర్చీలో నువ్వు కూసోనుంటివి" అంది నర్సమ్మ. నన్ను ఎవరైనా మెచ్చుకోవడం అదే మొదలు.

ఒక పుస్తకం కూడా ఇచ్చారు. పేజీకొక మగమనిషి బొమ్మ. ఎక్కడ రక్తం ఊరితే అక్కడ ఎర్ర చుక్క పెట్టమన్నారు, నాకు రాయడం సరిగా రాదని. మందు మొదలుపెట్టకముందు రెండు నెలలు ఊరికే చుక్కలే పెట్టాను. డాక్టరమ్మ పేజీలు తిప్పి, "ప్రతిసారీ కుడి మణికట్టే ఎందుకమ్మా?" అని నన్ను అడిగింది.

"సెరుకు కొట్టేది ఆ సేత్తోనే గదా మేడమ్" అన్నాడు ఆయన.

ఆమె అదే రాసుకుంది. నేను చెంప మీదికి కొంగు లాక్కున్నాను.

మందు మొదలైంది. మూడో వారంలో, టీ చల్లారిందని, గూబ మీద కొట్టాడు. నేను ఏడవలేదు. ఆయన మణికట్టు వైపు చూశాను. ఆయనా చూసుకున్నాడు. ఇద్దరం ఎదురుచూశాం. పొద్దుగూకింది, ఆ చెయ్యి ఉబ్బలేదు. వేళ్లు ముడిచి చూశాడు, తెరిచి చూశాడు. లేచి వచ్చి మళ్లీ కొట్టాడు. పండగ రోజు కొత్త చొక్కా వేసుకున్నవాడిలా ఉంది ఆయన ముఖం.

ఇంక వారం అనేది లేదు. రెండు పళ్లు ఊడాయి. మెడ కింద ఎముక విరిగి వంకరగానే అతుక్కుంది. మా గానుగ దగ్గర బెల్లం పాకం కలిపే తెడ్డును పెనంలోంచి తీసి వీపు మీద వేశాడు. పాకం చల్లారేదాకా చర్మాన్ని వదలదు. సోమవారం సూదికి చెయ్యి చాపి, "బాగా ఎయ్యి మే, వారమంతా పని ఉండాది" అనేవాడు. నేను నరం వెతికి వేసేదాన్ని. నన్ను కొట్టే చేతికి బలం నేనే ఎక్కించేదాన్ని.

పుస్తకంలో చుక్కలు ఆగిపోయాయి. డాక్టరమ్మ ఖాళీ పేజీలు మిగతా డాక్టర్లకు చూపించి మురిసిపోయింది. ఆ పుస్తకంలో ఆడమనిషి బొమ్మ లేదు.

ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా రాయి. మూడు సోమవారాలు నేను మందు కలిపి ఇంటి వెనక పారబోశాను. ఆయనకు ఉప్పునీళ్లు మాత్రమే ఎక్కించాను. ఖాళీ సీసాలు డబ్బాలో పెట్టాను. పుస్తకంలో సూది వేసినట్టు గీత గీశాను. చంపాలని కాదు. చంపాలని ఎన్నడూ అనుకోలేదని కూడా అనను. పెనం ముందు నిలబడి అనుకున్న రోజులున్నాయి. కానీ ఆ సోమవారాల్లో నేను కోరింది, ఆ మణికట్టు మళ్లీ ఉబ్బాలని. నా వారం నాకు రావాలని.

గురువారం మధ్యాహ్నం. గానుగ కొట్టంలో పాకం ఉడుకుతోంది. మంట తగ్గించానని తెడ్డు ఎత్తాడు. ఎప్పుడూ కదలని దాన్ని, ఆ రోజు పక్కకు జరిగాను. ఎందుకు జరిగానో తెలియదు, వీపు మీద పాత పుండు ఇంకా మానలేదు. ఆయన తెడ్డు బరువుకు ముందుకు తూలి, పొయ్యి గట్టు రాయికి కణత కొట్టుకుని పడ్డాడు. నెత్తురు చుక్క బయటికి రాలేదు. లేచి కూర్చుని తల పట్టుకుని, సూది వేశావా అని అడిగాడు. తెడ్డు ఇంకా ఆయన చేతిలోనే ఉంది. వేయలేదని చెబితే నేను ఆ పెనంలో ఉండేదాన్ని. వేశానన్నాను. మందు ఉందిలే అనే ధైర్యంతో ఇంట్లోకి పోయి పడుకున్నాడు.

పెద్ద దెబ్బ తగిలితే వెయ్యమని ఇచ్చిన అదే మందు సీసా ఒకటి ఫ్రిజ్జులో ఉంది. అది నాకు గుర్తుంది. గుర్తుండే నేను పాకం కలిపాను. అచ్చుల్లో పోశాను. ఆవుకు పాలు పిండాను, పాలబండికి పోశాను. అప్పుడు లోపలికి పోయి చూశాను. చాప నిండా కక్కుకున్నాడు, ఒక కన్ను తెరిచి ఉంది, పిలిస్తే పలకలేదు. అప్పుడు కలిపాను ఆ సీసా. నరం ఒక్కసారికే దొరికింది. అంబులెన్సులో తిరుపతికి తీసుకుపోయాం. తెల్లారేసరికి పోయాడు. లోపల తలంతా రక్తమే అన్నారు.

ఆయన రక్తం పరీక్షిస్తే అందులో మందు కనిపించింది. నేను చివర్లో వేసిందే అది. డాక్టరమ్మకు ఆ సంగతి తెలియదు. మందు ఉండి కూడా రక్తం ఆగలేదని అనుకుంది. నా రెండు చేతులూ పట్టుకుని, "మా మందు మిమ్మల్ని కాపాడలేకపోయిందమ్మా, క్షమించండి" అంది. ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి. నేను తల ఊపాను. క్షమించినట్టు తల ఊపాను, తమ్ముడా. ఎందుకు పనిచేయలేదో తేలేదాకా అందరికీ ఆ మందు ఆపేశారు.

నాలుగు నెలలైంది. ఆ సూది ఉన్నన్నాళ్లు నువ్వు శ్రీసిటీ కంపెనీలో ఒక్క షిఫ్టూ తప్పకుండా నిలబడ్డావు. ఇప్పుడు నీ మోకాలు దిండు మీద పెట్టుకుని, నా మాటలు రాసుకుంటున్నావు. ఇందాక బాత్రూముకు గోడ పట్టుకుని కుంటుకుంటూ పోయావు. చూడనట్టు కిటికీ వైపు తిరిగాను కానీ చూశాను.

మూడు సోమవారాల మాట చెప్పగానే నువ్వు పెన్ను కింద పెట్టావు.

"ఇది ఇస్తే నిన్ను పట్టుకపోతారు అక్కా. మర్సిపోయినానని రాస్తా. సదువు రాని మనిషి, మర్సిపోయిందంటే ఎవురూ ఏమనరు."

"మర్సిపోతే సీసాలు ఎట్లా ఖాళీ అయినాయిరా?"

"పగిలిపోయినాయంటాం."

"మూడూనా? నీకు అబద్ధం సెప్పడం కూడా రాదే."

నువ్వు నవ్వలేదు. "నేనింకో రకంగా బతుకుతాలే. పాత సూదే ఏపిచ్చుకుంటా" అన్నావు. ఆ మోకాలితో అన్నావు.

వద్దు. ఆ మందు మంచిది. అది ఎవరినీ మోసం చేయలేదు. నేను పారబోసిన దానికి ఆమె పేరు చెడగూడదు, నీ కాలు వంకర పోగూడదు. ఏం జరిగిందో జరిగినట్టే ఆమెకు తెలియాలి, నా వీపు మీద మచ్చలతో సహా. అది చూసి ఆమె ఏమైనా అనుకోనీ. పోలీసులను పిలవాల్సి వస్తే పిలవనీ. రేపు పొద్దున మొదటి బస్సుకు నేనే పోయి చేతికిస్తాను.

నాకు సంతకం పెట్టడం వచ్చు గానీ ఇంత చదవడం రాదు. నువ్వు నా మీది ప్రేమతో ఒక మాట మార్చినా నాకు తెలియదు. నా మొహం వైపు చూడకుండా, పారబోశాను అని ఉన్నచోట గొంతు తగ్గించకుండా, మొత్తం నాకు చదివి వినిపించు.