కాళ్ళందని సైకిలు

మా అత్తగారి పల్లెలో ఎవరైనా సైకిలు మీద తడబడితే ఇప్పటికీ "ఏందిరా, ఏసోబులాగా పోతన్నావు?" అంటారట. ఆ ఏసోబును నేనే. ఒక ఆదివారం పొద్దున, ఊరంతా ఉతికిన గుడ్డలు కట్టుకుని చూస్తుండగా, ఒక్క సైకిలుతో పెళ్ళాన్నీ బిడ్డనూ పోగొట్టుకోబోయినవాణ్ణి. నలభై దాటాక నేర్చుకున్న అక్షరాలు నావి. వాటితో ఇంతకన్నా గౌరవమైన సంగతి ఏదైనా రాయొచ్చు. కానీ నా బతుకులో జనం గుర్తుపెట్టుకున్నది ఇదొక్కటే. ఏం చేయను?

గురజాల పక్క పల్లె మాది. నా భార్య సుగుణమ్మ కాన్పుకని మాచవరం దగ్గరున్న పుట్టింటికి వెళ్ళింది. బిడ్డ బోర్లా పడే వయసు వచ్చినా మా మామ దావీదు ఆమెను పంపలేదు. కారణం నేనే. బిడ్డను చూడబోయినప్పుడు మామ ఇంట్లోకి వస్తుంటే మంచం మీద నుంచి లేవలేదు. అత్తగారు పెట్టిన తిండి అలాంటిది, లేవబోయినా ఒళ్ళు సహకరించలేదు. ఆయన దానికి పొగరని పేరు పెట్టాడు.

"మర్యాదగా వచ్చి, సంఘపెద్దల ముందర అడిగి తీసకపొమ్మను. మళ్ళీ పొగరు చూపిచ్చాడా, నా బిడ్డ నా ఇంట్లోనే ఉంటది" అని కబురు పంపాడు.

మీరైతే ఏం చేస్తారు? తల వంచుకుని నడిచి వెళ్తారు. నేను మాత్రం మర్యాదంటే దర్జా అనుకున్నాను. కొత్త సైకిలు మీద పోతే మామ కళ్ళు తిరిగి, బిడ్డను, బిడ్డ తల్లిని, వీలైతే ఒక గేదెను కూడా ఇచ్చి పంపుతాడనుకున్నాను.

గురజాలలో మస్తాన్ బాబాయి సైకిలు షాపు ఉండేది. అద్దె సైకిళ్ళు, రిపేర్లు, అడిగినవాళ్ళకు కొత్తవి తెప్పించడం అన్నీ ఆయనే. నోరు పెద్దది, నవ్వు ఇంకా పెద్దది. నేను సైకిలు నేర్చుకున్నది ఆయన పొట్టి అద్దె సైకిలు మీదే. దాన్ని ఆపాలంటే రెండు కాళ్ళూ కింద పెట్టేయడమే, వేరే విద్య అక్కర్లేదు.

"బాబాయ్, కొత్త సైకిలు కావాల."

"ఎవురికి?"

"నాకే."

"అయితే ఇట్టా రా. ఈ బారుకు అటో కాలు, ఇటో కాలు వేసి నిలబడు."

అది ఇరవై అంగుళాల ఫ్రేము. నిలబడ్డాను. ఆయన వంగి నా పాదాలు చూశాడు.

"రెండూ నేలకానినయ్. ఇదే నీ సైకిలు."

"మా కరణంగారిది ఇంతకన్నా చానా ఎత్తు బాబాయ్."

"కరణంగారి కాళ్ళు కూడా ఎత్తే. నీయి చూసుకున్నావా అబ్బయ్యా? కోడిపెట్టను కొంగ సైకిలెక్కిస్తే యాడ దిగుద్ది?"

షాపు ముందు టీ తాగుతున్నవాళ్ళందరికీ పొలమారింది. నాకు ఒళ్ళు మండింది. ఆ మంటతోనే నరసరావుపేట బస్సెక్కాను.

అక్కడి షాపువాడు నా కాళ్ళ వంక చూడనేలేదు. "రండి, కూర్చోండి" అని సోడా కొట్టి ఇచ్చాడు. "మీలాంటివారికి ఇరవై నాలుగంగుళాలదే అందమండీ" అన్నాడు. అప్పటిదాకా నన్ను 'అండీ' అన్నవాళ్ళు లేరు. ఆ ఒక్క మాటకు పడిపోయాను. అది సైకిలు కాదు, ఆకుపచ్చ రంగు పూసిన ఒంటె. బస్సు టాపు మీద వేయించుకుని, నేనే పైకెక్కినంత సంబరంగా ఇంటికి తెచ్చుకున్నాను.

నాపరాళ్ళ అరుగు మీద నుంచి ఎక్కితే ఎక్కగలిగాను. కాలి వేళ్ళ చివరలతో తొక్కగలిగాను. దిగడమే తెలియలేదు. సీటును అడుగంటా దించాను, కానీ బారు దిగదు కదా! కాలు వెనక్కి తిప్పి దూకడం నాకు రాదు. వచ్చినా లాభం లేదు. అత్తగారికని కొన్న ఇత్తడి బిందెను కారియర్ మీద నిలువునా కట్టాను. ముందు బారు, వెనక బిందె, మధ్యలో నేను.

అయినా, ఆదివారం వస్తున్నానని మామకు కబురు పెట్టి, ఆ రోజు కోడికూతకే బయలుదేరాను. మైలురాయి కనబడగానే పక్కన చేరి, దాని మీద కాలు ఆనించి, రొప్పు తీర్చుకుని, మళ్ళీ అక్కడి నుంచే కదిలాను. రోడ్డు వేసినవాళ్ళు ఆ రాళ్ళను దూరం చెప్పడానికి పాతారంటే నేను నమ్మను. పిడుగురాళ్ల సున్నపు బట్టీల దగ్గర లారీ ఒకటి దుమ్ము లేపుకుంటూ పోయింది. దాంతో తెల్ల చొక్కా ఇంకా తెల్లబడింది, నల్ల మొహం కూడా తెల్లబడింది.

మామ వీధిలో మైలురాయి లేదు. ఆయన ఇంటి అరుగుకు ఆనుకుని దిగుదామని దారిలోనే అనుకున్నాను. వచ్చి చూస్తే అరుగు నిండా జనం. ప్రార్థన ముగించుకుని సంఘపెద్దలంతా నా మర్యాద చూడటానికి వరసగా కూర్చున్నారు. గడపలో సుగుణమ్మ, చంకలో బిడ్డ. వీధిలో మామ, తలపాగా చుట్టుకుని, నా కోసం నిలబడి ఉన్నాడు.

ఈ కాలం పిల్లలకు ఒక సంగతి చెప్పాలి. అప్పట్లో పెద్దవాళ్ళు ఎదురైతే సైకిలు దిగి నడిపించుకుంటూ పోవాలి. దిగకుండా పోవడమంటే మొహాన చెప్పు విసరడమే.

నేను దిగకుండా పోయాను.

"దణ్ణం మావా!" అని పోతూ పోతూ అరిచాను. చేతులెత్తి పెట్టలేదు. ఎత్తితే పడతాను.

"ఏందిరా, ఆగకుండా పోతన్నాడు?" అన్నాడు మామ.

"కొత్త సైకిలు గదా బావా, చూపిచ్చుకుంటన్నాడు" అని అరుగు మీద నుంచి ఒక పెద్దాయన ఎగదోశాడు.

వీధి చివరన చర్చి చుట్టూ తిరిగి మళ్ళీ వచ్చాను. ఈసారి ఒంటిచేత్తోనైనా దణ్ణం పెడదామని కుడిచెయ్యి లేపాను. సైకిలు ఊగింది. గబుక్కున హ్యాండిలు పట్టుకున్నాను. వేలు బెల్లు మీద పడింది. సరిగ్గా మామ మొహం ముందు ట్రింగు ట్రింగుమని మోగింది.

"నన్ను పక్కకు తప్పుకోమంటన్నాడ్రా!"

"బర్రెగొడ్డును అదిలిచ్చినట్టు అదిలిచ్చాడు బావా నిన్ను!"

"ఏమే సుగుణా, లోపలికి పో! నువ్విక వాడి గడప తొక్కేది లేదు!"

ఆ మాట చెవిన పడుతుండగానే మళ్ళీ చర్చి చుట్టూ తిరిగాను. పడితే పడ్డాననుకుని, మూడోసారి మామ పక్కకు వచ్చి రెండు బ్రేకులూ నొక్కేశాను. సైకిలు ఆగింది. ఆగిన సైకిలు నిలబడదు కదా! మెల్లగా, నరికిన తాటిచెట్టులాగా ఎడమవైపు ఒరిగింది. ఎడమవైపు పట్టుకోవడానికి దేవుడు ఒక్కటే ఏర్పాటు చేశాడు. మా మామ తలకాయ.

తలపాగా మీద అరచెయ్యి ఆనించి అలాగే ఉండిపోయాను.

"చెయ్యి తియ్యి" అన్నాడు మామ పళ్ళ సందుల్లోంచి.

"తీస్తే పడతా మావా."

"తియ్యరా!"

"నీ కాళ్ళకు మొక్కుతా మావా, తియ్యమనమాక."

"కాళ్ళకు మొక్కేవోడివి తల మీద చెయ్యి పెట్టావేందిరా?"

"దిగలేక మావా! వచ్చినకాడ్నించి దిగలేకే తిరగతన్నా!"

గడపలోంచి సుగుణమ్మ పకపకా నవ్వింది. "నాన్నా, కిందకు చూడు! ఈయన కాలు నేలకందటంలా!"

మామ తల కదపలేక కళ్ళు మాత్రం దించి చూశాడు. నా ఎడమకాలి బొటనవేలు నేల కోసం తడుముకుంటోంది. కుడికాలు ఎక్కడుందో నాకే తెలియదు. అరుగంతా గొల్లుమంది. ఇద్దరు లేచి వచ్చి నా చంకల్లో చేతులు వేసి, ఉయ్యాలలోని పిల్లవాణ్ణి తీసినట్టు కిందికి దించారు. సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి. ఇది రాస్తుంటే ఇప్పుడూ కాలుతున్నాయి.

మామ తలపాగా సర్దుకుని నన్ను పైనుంచి కిందికి చూశాడు. చూడటానికి ఎక్కువసేపు పట్టలేదు.

"ఇన్నాళ్ళూ పొగరనుకున్నాన్రా అల్లుడా. పొట్టితనమా! తీసకపో. నా బిడ్డ లేకపోతే నిన్ను దించేదెవురు?"

సుగుణమ్మ మా ఊరు వచ్చాక ముందు చేసిన పని నన్నూ సైకిలునూ మస్తాన్ బాబాయి దగ్గరకు తోలుకుపోవడం. జరిగిందంతా తానే చెప్పింది, బెల్లు మోతతో సహా. ఆయన నవ్వి నవ్వి పానా కింద పడేసుకున్నాడు. తర్వాత కళ్ళు తుడుచుకుని, "ఒంటెను ఈడ కట్టెయ్యి. పొడుగోడెవడన్నా వస్తే అంటగడతా. ఈ ఇరవైది తొక్కుకో. బ్రేకులు, బిగింపులు నేను చూసుకుంటా. అలగమాక, వస్తా ఉండు" అన్నాడు. ఆయన బతికున్నంత కాలం నా సైకిలును ఇంకొకరి చేతిలో పెట్టలేదు.

కాబట్టి పెద్దల సమక్షంలో, పూర్తి స్పృహతో ప్రమాణం చేసి రాసి ఇస్తున్నాను. సైకిలైనా, గుర్రమైనా, పంచాయతీ ప్రెసిడెంటు కుర్చీ అయినా, రెండు పాదాలూ నేలకానుతాయని తేలనిదే ఎక్కను. ప్రాణం మీదికి వచ్చినా సరే, మామగారి తలకాయను స్టాండుగా వాడుకోను.