ఆఖరున మాట్లాడే అధికారం

అనసూయాబాయి టీచర్ ఇక లేరు. గురువారం పొద్దున నాంపల్లి స్టేషన్ ఎదుట మా బడి ముందర ఆటో దిగుతుంటే వాళ్ల పెద్దబ్బాయి ఫోన్ చేసి, "అమ్మ పోయింది మేడమ్" అన్నాడు. ఎదురుచూస్తున్న వార్తే. అయినా ఆమె ఏళ్లపాటు నడిపిన బడిలోకి ఎలా అడుగుపెట్టాలో తెలియక గేటు దగ్గరే చాలాసేపు నిలబడిపోయాను.

ఎనిమిదో తరగతిలో నాకు తెలుగు చెప్పిన గురువు ఆమె. నేను అదే బడిలో టీచరుగా చేరేనాటికి ప్రధానోపాధ్యాయురాలు. నిండైన విగ్రహం, ఖంగుమనే కంఠం. ఆమె వరండాలో నడిచొస్తుంటే తరగతులు వాటంతటవే సద్దుమణిగేవి. అంతటి అధికారాన్ని ఆమె వాడిన తీరు మాత్రం నేను ఇంకెక్కడా చూడలేదు.

ఒకసారి 'అధికారం', 'ఎంపిక' అనే మాటలకు అర్థాలు రాసుకురమ్మన్నారు. నిఘంటువు చూసి గొప్పగా రాసుకెళ్లాం. చదివి నవ్వారు. "గిట్ల రాస్తే తెల్వది బిడ్డా. నిన్ను మొదటి బెంచీల కూసుంటవా అని అడుగుతున్న. వద్దను, సూద్దాం" అన్నారు నాతో. నాకు నోరు పెగల్లేదు. "సూసినవా? వద్దనే జాగ లేకుంటే నేను అడిగినట్టు కాదు, హుకుం చేసినట్టు. వద్దన్నా నీకేం గానప్పుడే అది నీ ఎంపిక. ఆ వద్దును ఓర్చుకునేటోళ్లకే అధికారం ఉండాలె." గంట కొట్టేలోపు మా అందరిచేతా 'వద్దు టీచర్' అనిపించారు. ఆఖరి బెంచీవాళ్లు మహా హుషారుగా అన్నారు.

స్టాఫ్ మీటింగుల్లోనూ ఆమెది అదే పద్ధతి. అందరికన్నా చిన్న టీచరు ముందు మాట్లాడాలి, ఆమె ఆఖరున. "పెద్దోళ్లు ముందుగాల నోరు తెరిస్తే చిన్నోళ్లకు తలకాయ ఊపుడే మిగుల్తది" అనేవారు. పదవీ విరమణ చేసే ఏడాది వార్షికోత్సవం అబిడ్స్‌లో పెద్ద హాల్లో జరపాలని ఆమెకు ఎంతో ముచ్చట. ఆ సంగతి మాకందరికీ తెలుసు. నేను కొత్తగా చేరినదాన్ని, అందరికన్నా చిన్నదాన్ని; మొదటి వంతు నాదే. పొద్దుపోయాక దూరపు పిల్లలు ఇళ్లకు చేరడం కష్టమని, పగటిపూట బడి ఆవరణలోనే చేద్దామని అన్నాను. అందరూ నన్ను మింగేసేలా చూశారు. చివరికి ఆమె, "మంచిగ చెప్పింది. గట్లనే చేద్దాం" అన్నారు. ఆ రోజు అందరికన్నా ముందొచ్చి కుర్చీలు వేయించింది ఆమే.

ఇటీవల ఆమెను చూడటానికి నేను లక్డీకాపూల్ దవాఖానకు వెళ్లిన రోజే ఆ పద్ధతికి పరీక్ష వచ్చింది. ఇంకో ఆపరేషన్ చేస్తే కొన్నాళ్లు బతకవచ్చు, నమ్మకంగా చెప్పలేమన్నారు డాక్టరు. కొడుకులిద్దరూ చేయించాలనే నిశ్చయించుకున్నారు. సంతకం పెట్టడానికి పెద్దబ్బాయి పెన్ను తీశాడు. మంచం మీది నుంచి ఆమె చెయ్యెత్తి, "జర ఆగు. చిన్నోడు ముందుగాల మాట్లాడాలె" అన్నారు. చిన్నబ్బాయి ఏడుస్తూ, "చేయిద్దాం అమ్మా" అన్నాడు. పెద్దబ్బాయీ అదే అన్నాడు. ఆమె ఇద్దరి మాటా పూర్తిగా విన్నారు.

"ఇగ నా వంతు. నాకు వద్దు. ఇంటికి తీస్కపోండ్రి."

డాక్టరు పెద్దబ్బాయి వైపే చూస్తున్నారు. ఆ క్షణాన అధికారమంతా అతని చేతిలోనే ఉంది. అతను పెన్ను జేబులో పెట్టుకున్నాడు. "నీ మర్జీ అమ్మా" అన్నాడు. ఆమె అతని చెయ్యి పట్టుకుని నావైపు తిరిగి, "సూసినవా నా కొడుకును!" అన్నారు. ఎన్ని సన్మానాలందుకున్నా ఆ ముఖంలో అంతటి గర్వం నేనెన్నడూ చూడలేదు. తన ఇంట్లో, తనవాళ్ల మధ్య, తాను కోరుకున్నట్టే కన్నుమూశారు.

నిన్న బడిలో సంతాపసభ జరిగింది. ఆమెను ఒక్కసారైనా చూడని కొత్త టీచరు ముందుగా లేచి మాట్లాడింది. ఆ తర్వాత ఒక్కొక్కరూ. ఇప్పుడు ఆమె కుర్చీలో ఉన్నది నేను గనక ఆఖరి వంతు నాదైంది. లేచి నిలబడ్డాను గానీ మాట రాలేదు. ఆ వంతు ఎన్నేళ్లయినా ఆమెదే.